జీపు మీద గది

షెడ్డు నుంచి ఇంటికి వచ్చేసరికి ఆమె మంచం మళ్ళీ చోటు మారింది.

పొద్దున వెళ్ళేటప్పుడు హాల్లో టీవీ పక్కన గోడవారగా ఉంది. ఇప్పుడక్కడ కోడలి తమ్ముడి సూట్‌కేసు, దాని మీద కంప్యూటరు సంచి, ఆ పైన ఇస్త్రీ చొక్కాలు ఉన్నాయి. ఆమె చెప్పులు విప్పి, ఎవరినీ ఏమీ అడగకుండా ఇల్లంతా ఒకసారి కలియజూసింది. ఆమె మంచం ఎక్కడుందో ఈ ఇంట్లో అడగాల్సిన పని లేదు. ఎవరికీ అక్కర్లేని చోటు ఏదైతే అక్కడ ఉంటుంది. వంటగది వెనక, బట్టలుతికే మిషనుకీ గోడకీ మధ్య సందులో కనిపించింది. మడత మంచం పూర్తిగా విప్పడానికి అక్కడ చోటు చాలలేదు. కాళ్ళవైపు భాగాన్ని పైకే మడిచి, తాడుతో కుళాయికి కట్టేశారు.

ఆ ముడి ఎవరు వేశారో చూడగానే తెలిసిపోయింది. కొడుకు వేసిన ముడి. చిన్నప్పటి నుంచీ వాడికి ముడి వెయ్యడం రాదు. చుట్టి చుట్టి వదిలేస్తాడు.

"వచ్చేశారా అత్తయ్యా," అంటూ కోడలు వంటగదిలోంచి తొంగి చూసింది. చేతికి సబ్బు నురుగు. "తమ్ముడు పొద్దుపోయేదాకా ఫోన్లో ఆఫీసు వాళ్ళతో మాట్లాడాలట. మీ నిద్ర పాడవుతుందని మీ అబ్బాయే ఇటు మార్చారు. ఇక్కడైతే గాలి కూడా బాగా వస్తుంది."

"వస్తుంది," అంది ఆమె. సందు కిటికీకి రెక్కలు లేవు. గాలి ఒక్కటే వస్తుందా, వానా వస్తుంది.

"ఎంత, కొద్దిరోజులే. వాడికి రూము దొరికేదాకా."

"సరే."

సరే అనే మాట ఆమెకి తుమ్ములా దానంతటదే వచ్చేస్తుంది. తన గదిని అద్దెకిచ్చినప్పుడు అంది. హాల్లో కిటికీ పక్క నుంచి టీవీ పక్కకి జరిపినప్పుడు అంది. ఇప్పుడూ అనేసి, చీర మార్చుకోవడానికి చోటు కోసం చూసింది. సందుకి తలుపు లేదు.

పెరట్లో నీళ్ళ చప్పుడవుతోంది. వెళ్ళి చూస్తే కోడలి తమ్ముడు ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని జీపు కడుగుతున్నాడు. చిన్న జీపు. ముందు రెండు సీట్లు, వెనక ఎదురెదురుగా రెండు బల్లలు, పైన ఇనప కప్పు. కొండదారైనా రాళ్ళదారైనా మేకలా ఎక్కేస్తుంది. ఆమె భర్త నడిపిన బండి. ఆయన పోయాక ఆమె పేరు మీదికి మారింది. ఆదివారాలు ఆమే స్టార్టు చేసి, వీధి చివరిదాకా తిప్పి తెచ్చి, మళ్ళీ అదే మూల పెడుతుంది.

"అత్తయ్యా, బండి భలే ఉంది," అన్నాడు ఆ అబ్బాయి మెచ్చుకోలుగా. మంచివాడే. ఎదురొస్తే పక్కకి తప్పుకుంటాడు, తిన్న పళ్ళెం తనే తీస్తాడు. "ఇంత దుమ్ము కింద ఇంత రంగుందని ఎవరనుకుంటారు?"

"ఎక్కడికైనా వెళ్తున్నావా?"

"ఇప్పుడు కాదు. పేరు మారాక ఫ్రెండ్సూ నేనూ కొండల మీదికి వెళ్దామనుకుంటున్నాం. బావ ఇచ్చేశాడుగా. మీ సంతకం ఒక్కటి చాలన్నాడు." బకెట్లో గుడ్డ పిండుతూ ఆమె మొహం చూసి, ఏదో తక్కువైందనుకుని కలిపాడు, "మీకెప్పుడైనా ఆసుపత్రికి వెళ్ళాలంటే చెప్పండత్తయ్యా. నేనే తిప్పుతాను."

ఆమె చెయ్యి చాపింది. "తాళం ఇటివ్వు."

"కడగడం అయిపోనివ్వండి, నేనే మేకుకి తగిలిస్తాను."

"కడుగు. తాళంతో కడగవు కదా."

అతను నవ్వి తాళం ఇచ్చాడు. ఆమె దాన్ని చీర కొంగుకి కట్టుకుంది. విప్పాలంటే పళ్ళతో లాగాల్సిన ముడి వేసింది.

అన్నాల దగ్గర కొడుకు తనే ఆ మాట ఎత్తాడు. "అమ్మా, బండి ఊరికే పడుంది కదా. వాడికైతే పనికొస్తుంది. నీకు చెబుదామనే అనుకుంటున్నా."

"నేనూ ఊరికే పడున్నాగా. నన్నెవరికిస్తున్నావు?"

కొడుకు జోకనుకుని పెద్దగా నవ్వాడు. కోడలి తమ్ముడు మర్యాదకి నవ్వాడు. కోడలు మాత్రం నవ్వలేదు. గరిటె గిన్నెలో పెట్టి, అత్తగారి మొహం వైపు ఒక్క క్షణం చూసి, తల దించుకుంది.

సందులో పడుకునే ముందు ఆమెకి ఒక పని గుర్తొచ్చింది. కుట్టుపెట్టెలోంచి తెల్లదారం తీసి, మంచం మీద ఒత్తిగిలి పడుకుని, దారం ఒక కొస నెత్తిన ఆనించి రెండో కొస పాదాల దాకా లాగి, అక్కడ ముడి వేసి తెంపింది. దాన్ని వేలికి చుట్టి దిండు కింద పెట్టుకుంది.

*

షెడ్డు తుప్పు అనే అతనిది. వెల్డింగు మనిషి. ఎంత పాత రేకు చూపించినా "తుప్పు పైపైనేనండీ, లోపల బంగారం" అంటాడని అందరూ అదే పేరు పెట్టేశారు. ఆమె భర్త దగ్గర పని నేర్చుకున్నాడు కాబట్టి ఆమెని వదినా అంటాడు. షెడ్డు ఒక మూల ఆమె కుట్టుమిషను ఉంటుంది. సీట్లకి తొడుగులు, బండ్లకి గుడ్డ కప్పులు, ఈమధ్య తిరుగుళ్ళ సరదా ఉన్నవాళ్ళు చేయించుకునే పైకి లేచే కప్పులకి గుడ్డ గోడలు, అన్నీ ఆమే కుడుతుంది.

అలాంటి కప్పు పెట్టిన బండి ఒకటి కిందటి వారమే పూర్తయి మూల నిలబడి ఉంది. అసలు కప్పుని కోసి, దాని మీద పెట్టెమూతలాంటి ఫైబర్ మూత పెట్టి, ముందువైపు బందులు బిగించారు. వెనక గొళ్ళాలు తీసి మూతని ఒక్క తోపు తోస్తే అది కప్పలా నోరు తెరుచుకుని పైకి లేస్తుంది. మూతకీ బండికీ మధ్య మూడువైపులా గుడ్డ గోడలు బిగుసుకుంటాయి. లోపల ప్లైవుడ్ బల్ల, దాని మీద పరుపు. ఆ గోడలకి జిప్పు గుర్తు పెట్టడానికి ఎక్కినప్పుడు ఆమె ఒక్క నిమిషం నడుం వాల్చింది. గుడ్డలోంచి పచ్చటి వెలుతురు. ఎవరి కాళ్ళ చప్పుడూ లేదు. కింద నుంచి తుప్పు బల్ల తట్టి, "వదినా, జిప్పు కుడుతున్నావా, నిద్ర కుడుతున్నావా?" అని అరిచేదాకా ఆమెకి మెలకువ రాలేదు.

ఆ పొద్దున ఆమె తన జీపుని షెడ్డు మధ్యకి నడిపించుకొచ్చి ఆపింది. తుప్పు టీ గ్లాసు పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఏంటి వదినా, ఆదివారం కాదే."

"దీనికీ ఆ కప్పు పెట్టు."

"ఎవరికమ్ముతావు?"

"నాకే. నేను పడుకోవడానికి."

తుప్పు టీ తాగడం ఆపి, బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. కప్పు మీద పిడికిలితో కొట్టి చూశాడు. "వదినా, కోస్తే మళ్ళీ అతకదు. అతికినా అతుకు అతుకే. ఈ బండిని ఇంకెవరూ కొనరు. బాగా ఆలోచించుకున్నావా?"

"అదే ఆలోచించుకున్నాను."

ఇంకేం అడగలేదతను. మార్పుకి కావాల్సిన అనుమతి పని తను చూసుకుంటాననీ, బండి గలవాళ్ళ సంతకం మటుకు కావాలనీ అన్నాడు.

"ఈ సంతకం పెడతాను," అంది.

కొలత అడిగితే దిండు కింద నుంచి తెచ్చిన దారం తీసి ఇచ్చింది. తుప్పు ఆ దారాన్ని కప్పు మీద పరిచి చూశాడు. ముందు అద్దం పైఅంచు నుంచి వెనక తలుపు దాకా కొలిచి పోసినట్టు సరిపోయింది. ఇలాంటి చిన్న బండికి మంచం ఇమిడించడం ఎంత తలనొప్పో ఇద్దరికీ తెలుసు. అందుకే ఇద్దరూ సంతోషపడ్డారు. అతను గొట్టాలు కోసి, లోపలివైపు పంజరంలా నిలిపి, చుక్కచుక్క వెల్డింగుతో ట్యాకులు వేసుకుంటూ పోయాడు. ముందు పంజరం, తర్వాతే కోత. పంజరం లేకుండా కప్పు కోస్తే బండి నడుం జారి తలుపులు పడవు.

మధ్యాహ్నానికి అతనికేదో అనుమానం వచ్చింది. ముసుగు పైకెత్తుకుని, దారం తీసుకుని మిషను దగ్గరికొచ్చాడు.

"వదినా, ఒకసారి లేచి నిలబడు."

ఆమె లేచింది. అతను దారం కొస చెప్పుతో నేల మీద తొక్కిపట్టి, రెండో కొసని ఆమె పక్కనే నిలువుగా పైకి లాగాడు. దారం ఆమె చంక దగ్గర అయిపోయింది.

తుప్పు ముందు నవ్వాడు. "ఇదెవరి కొలత వదినా? మీ మనవడిదా? నీకు మనవలే లేరుగా."

"నాదే. నిన్న పడుకుని మరీ తీశాను."

"పడుకునే తీశావు. కాళ్ళు కడుపులో పెట్టుకుని తీశావు." అనేసి, అన్నాక నవ్వు ఆపేశాడు. దారాన్ని వేళ్ళకి చుట్టుకుంటూ ఎటో చూశాడు.

ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఎన్ని వేల కొలతలు తీసింది. సీట్లవి, బండ్లవి, ఎవరెవరివో నడుములవి. చేతిలో టేపు లేకపోయినా కంటితో చూసి చెప్పే మనిషి తన కొలత తనే తప్పు తీసుకుంది. మంచాన్ని బట్టి ముడుచుకుని, ముడుచుకున్న దానికే ముడి వేసుకుని, తెంపి తెచ్చింది. పైగా అది తన నిలువే అనుకుంది. మిషను మీద కూర్చుని కాసేపు ఉత్తినే పెడలు తొక్కింది. సూదిలో దారం లేదు, కింద గుడ్డ లేదు.

కాసేపటికి లేచి, షెడ్డు నేల మీద పడున్న అట్టపెట్టె చింపి పరిచింది. దాని మీద వెల్లకిలా పడుకుంది. చేతులు పక్కన పెట్టుకుని కాళ్ళు బారచాపింది. మోకాళ్ళు కొంచెం పట్టేశాయి, కలుక్కుమన్నాయి. అయినా చాపింది.

"గీయి," అంది.

తుప్పు సుద్దముక్క తీసి తల దగ్గరొక గీత, పాదాల దగ్గరొక గీత గీశాడు. "కొంచెం ఎక్కువే వదులుతున్నా," అన్నాడు.

"వదులు."

"మరి కప్పు పొట్టిదైపోతుందే."

"నా కాళ్ళు పొడుగు కాదు. కప్పే పొట్టి. దాని సంగతి నువ్వు చూడు."

సాయంత్రం దాకా బుర్ర గోక్కుని, చివరికి తనే దారి కనిపెట్టాడు. మూతనీ దాని అడుగునీ ముందువైపు అద్దం మీదికి టోపీ అంచులా పొడిగించి, కింద రెండు బలమైన ఆసరాలు ఇస్తే పాదాలు అందులోకి పోతాయి. "డ్రైవింగు చేసేటప్పుడు ఎండ కూడా కొట్టదు వదినా, చూడ్డానికి బండి టోపీ పెట్టుకున్నట్టుంటుంది," అన్నాడు. వేసిన ట్యాకులన్నీ విరగ్గొట్టి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

*

కొడుకు మర్నాడు షెడ్డుకొచ్చాడు. బండి రాలేదేమని అడిగితే తల్లి ముందురోజు రాత్రి "పనిలో ఉంది" అంది. ఏం పనో బావమరిది వచ్చి చూసి వెళ్ళి చెప్పినట్టున్నాడు. ఆఫీసు చొక్కాతోనే వచ్చి, బండి పక్కన నిలబడి, కప్పు మీద సుద్దతో గీసిన పెద్ద చతురస్రాన్ని చూశాడు. లోపల పంజరం గట్టిపడింది. కోత ఒక్కటే మిగిలింది.

"ఇంకా కొయ్యలేదుగా. ఆపెయ్యి బాబాయ్," అన్నాడు తుప్పుతో.

తుప్పు ఆమె వైపు చూశాడు. ఆమె జిప్పులు ఏరుకుంటోంది.

"అమ్మా, ఇంటికి పద. మాట్లాడుకుందాం."

"ఇక్కడే మాట్లాడు. ఇంట్లో నేను మాట్లాడే చోటు బట్టలుతికే మిషను పక్కనుంది. అది తిరిగితే ఏమీ వినపడదు."

"అది కొద్దిరోజులేనని చెప్పాం కదా. నువ్వు వద్దంటే మార్చేవాణ్ణి. నువ్వే సరే అన్నావు."

"అన్నాను."

"మరి?"

"మరి ఇప్పుడు వద్దంటున్నాను. నువ్వే కదా అన్నావు, వద్దంటే మారుస్తానని."

"మంచం సంగతి వేరు, బండి సంగతి వేరు. అది నాన్న బండమ్మా."

"నాన్న బండే. దాన్నే తీసుకెళ్ళి మీ బావమరిది పేరున రాయబోయావు. నేను పేరు మార్చట్లేదు. పైన గది కట్టుకుంటున్నాను."

"జనం ఏమనుకుంటారు? కొడుకు గెంటేస్తే తల్లి జీపులో పడుకుంటోందంటారు."

"గెంటెయ్యలేదని చెప్పు. సర్దుకుందని చెప్పు. ఆ మాట నీకు బాగా అలవాటే."

కొడుకు మొహం ఎర్రబడింది. కోపం కన్నా దిక్కుతోచకపోవడం ఎక్కువ కనిపించింది అందులో. చిన్నప్పుడు ముడి పడనప్పుడు కూడా ఇలాగే నిలబడేవాడు. ఎప్పుడూ తల్లే వెళ్ళి వేసేది. ఈసారి ఆమె కదల్లేదు.

ఆమె కళ్ళకి అద్దాలు పెట్టుకుంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, చేతికి తోలు తొడుగులు వేసుకుంది. "గ్రైండరు ఇటివ్వు," అంది తుప్పుతో.

"వదినా, నేను కోస్తాను. అది చేతిలో ఆగదు."

"మొదటి గీత నాది. తర్వాత నీ ఇష్టం."

స్టూలెక్కి నిలబడింది. తుప్పు వెనక నుంచి ఆమె మోచేతులకి ఆసరా పట్టాడు. చక్రం రేకుకి తగలగానే షెడ్డంతా గోల ఎత్తిపోయింది. నిప్పురవ్వలు వెనక్కి చిమ్మాయి. మొదట చెయ్యి ఎగిరిపడింది. పళ్ళు బిగించి మళ్ళీ ఆనించింది. ఈసారి సుద్దగీత మీదుగా సన్నటి నల్లటి గీత దిగడం మొదలైంది. మూల నుంచి మూలకి ఒక వైపంతా ఆమే కోసింది. గ్రైండరు తుప్పుకి అందించి స్టూలు దిగింది. కొడుకు ఇంకా అక్కడే ఉన్నాడు. ఏదో అన్నాడు. గ్రైండరు చప్పుడుకి వినపడలేదు. మళ్ళీ చెప్పమని ఆమె అడగలేదు.

మిగతా మూడు వైపులూ తుప్పు కోశాడు. రేకుని పైకెత్తి పక్కన పెట్టాక, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ బండిలోకి పై నుంచి ఎండ పడింది. సీట్ల సందుల్లో ఎప్పటివో చిల్లర సామాన్లు, ఒక పాత నట్టు, ఆయన పోగొట్టుకుని వెతుక్కున్న పెన్ను మూత కనిపించాయి. ఆమె ఆ మూత తీసి మిషను డ్రాయరులో వేసుకుంది.

"ఇక దీన్నెవడూ కొనడు," అన్నాడు తుప్పు చెమట తుడుచుకుంటూ.

"ఇంకోసారి చెప్పు. వాడికి సరిగ్గా వినపడలేదేమో."

కొడుకు అప్పటికే వీధిలోకి వెళ్ళిపోతున్నాడు.

*

తర్వాతి రోజులన్నీ ఇంట్లో ముక్తసరి మాటలే. కొడుకు పేపరు వెనక నుంచి మాట్లాడేవాడు. కోడలు మొహం గంటు పెట్టుకుని తిరిగింది. ఒకరోజు గిన్నెలు తోముతూ ఇక ఉండబట్టలేక అనేసింది.

"నన్నడిగితే నేను చెప్పేదాన్ని కదత్తయ్యా, తమ్ముణ్ణి ఇంకోచోట చూసుకోమని. ఇప్పుడు వీధిలో అందరూ నన్నే అంటారు. కోడలే వెళ్ళగొట్టిందంటారు. ఏ ఇంట్లో ఏం జరిగినా చివరికి కోడలి నెత్తినే పడుతుంది."

ఆమె తుడుస్తున్న పళ్ళెం పక్కన పెట్టింది. అది నిజమే అనిపించింది. "అన్నవాళ్ళని నా దగ్గరికి పంపు," అంది.

"ఎంతమందిని పంపను?"

"ఎంతమందొస్తే అంతమందిని. పైన చోటు చాలకపోతే కింద నిలబెట్టి మాట్లాడతాను."

కోడలి పెదవి చివర కదిలింది. నవ్వు కాకుండా ఆపుకుని గిన్నె గట్టిగా రుద్దింది.

షెడ్డులో ఆమె గుడ్డ పని మొదలుపెట్టింది. మందపాటి కాన్వాసుని ముందు నీళ్ళ డ్రమ్ములో నానబెట్టి, పిండకుండా గోడ మీద ఆరేసింది. కొత్త గుడ్డ మొదటి నీళ్ళకి ముడుచుకుంటుంది. ముడుచుకునేదంతా కత్తెర పడకముందే ముడుచుకోవాలి. ఆరాక మళ్ళీ తడిపింది. "ఒకసారి చాలదా?" అని తుప్పు అడిగితే, "ఇది నాకు," అంది.

దారానికి కొవ్వొత్తి మైనం పట్టించింది. అలా చేస్తే సూది పోయిన చిల్లుల్ని దారమే పూడ్చుకుంటుంది, వాన దిగదు. ప్రతి అతుకుకీ అంచుల్ని ఒకదాంట్లో ఒకటి మడిచి రెండు వరసలు కుట్టింది. గోడల మధ్యగా లోపలి వైపు ఎలాస్టిక్ పట్టీ వేసింది. మూత దించేటప్పుడు గుడ్డ బయటికి నాలుక చాపకుండా తనంతట తనే లోపలికి ముడుచుకోవాలి. కిటికీలకి దోమల జాలీ, దాని మీద గుడ్డ రెక్క. జిప్పులన్నిటికీ పట్టు లోపలి వైపే పెట్టింది. తుప్పు చూసి, "బయట నుంచి తియ్యడానికి ఏదీ?" అన్నాడు.

"బయట నుంచి ఎవరు తియ్యాలి?"

మూతని పైకి నెట్టి నిలబెట్టడానికి తుప్పు ఒక పాత కారు డిక్కీలోంచి గ్యాసు రాడ్లు పీకి తెచ్చాడు. అవి ఆ మూతకి బలం ఎక్కువై, గొళ్ళెం తియ్యగానే అతని గడ్డానికి తగిలేలా ఎగిరింది. మార్చి మెత్తటివి వేశాడు. చుట్టూ రబ్బరు బీడింగు అతికించాడు. చివర్న నీళ్ళ పైపు పెట్టి బండిని పై నుంచి కిందికి తడిపాడు. ఆమె లోపల కూర్చుని మూలమూలా వేలితో తడిమింది. పొడిగా ఉంది.

*

బండి ఇంటికి తెచ్చిన సాయంత్రమే కోడలి తల్లిదండ్రులు వచ్చారు. తమ కొడుకు కొత్త ఉద్యోగంలో ఎలా ఉన్నాడో చూసిపోదామని వచ్చారు. పెద్దాయన సంచులు కింద పెట్టి, పెరట్లో నోరు తెరుచుకుని నిలబడ్డ జీపుని చూసి, లోపలికి రావడం కూడా మర్చిపోయాడు. నిచ్చెన పట్టుకుని ఊపి చూశాడు, రెండు మెట్లెక్కి తల లోపల పెట్టి చూశాడు. "భలేగా ఉందే వదినగారూ. మనింట్లోనే విహారయాత్ర," అన్నాడు.

వీధిలో వాళ్ళూ గోడ మీది నుంచి చూశారు. ఎదురింటావిడ, "పిట్టగూడులా ఉంది," అంది. ఆమె తన దుప్పటి, దిండు, నీళ్ళ సీసా, చిన్న బ్యాటరీ దీపం పైకి చేరవేసుకుంది. సందులో మడతమంచాన్ని పూర్తిగా మడిచి గోడకి ఆనించింది. కుళాయికి కట్టిన ముడిని గోళ్ళతో విప్పేసరికి చాలాసేపు పట్టింది.

చీకటి పడుతుండగా హాల్లో సర్దుబాట్ల మాట వచ్చింది. కొడుకే లెక్క తేల్చాడు. "అత్తయ్యా మావయ్యా మా గదిలో పడుకుంటారు. మేమిద్దరం హాల్లో. వీడేమో..." బావమరిది వైపు చూసి, తేలిగ్గా అన్నాడు, "వీడు జీపు మీద పడుకుంటాడు. వాడికెలాగూ సరదా. అమ్మ మంచం సందులో ఉండనే ఉంది."

అంత తేలిగ్గా అన్నాడు. అందులో చెడు ఉద్దేశం ఏమీ లేదు. ఎప్పటిలాగే ఖాళీ చోట్లని లెక్కపెట్టి, మనుషుల్ని పంచాడు. అందరూ తలూపారు. పెద్దాయన కూడా, "కుర్రాడు, ఎక్కగలడు, దిగగలడు," అన్నాడు.

ఆమె మంచినీళ్ళు తాగుతోంది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగి, బోర్లించి పెట్టింది.

"కుదరదు," అంది.

కొడుకు తల తిప్పి చూశాడు.

"ఒక్క రెండ్రోజులే అమ్మా."

"రెండ్రోజులూ కాదు, రెండు గంటలూ కాదు. అది నేను పడుకునే చోటు."

"వచ్చినవాళ్ళ ముందు..." కొడుకు గొంతు తగ్గించాడు.

"వచ్చినవాళ్ళకి మీ గది ఇచ్చావు. మంచిదే. హాలుంది, సందుంది. ఎవరెక్కడో మీరు పంచుకోండి. నన్ను మాత్రం ఆ పంపకంలోంచి తీసెయ్." ఆమె గొంతు పెంచలేదు. కొంగు ముడి తడిమి చూసుకుంది. "కాదంటే చెప్పు. ఇప్పుడే మూత దించి, గొళ్ళెం పెట్టి, బండి తీసుకుని షెడ్డుకి పోతాను. నడపడం వచ్చు. పోనా?"

కొడుకు ఏదో అనబోయి తండ్రి ఫోటో ఉన్న గోడ వైపు, అక్కణ్ణుంచి నేల వైపు చూశాడు.

ముందు కదిలింది కోడలి తమ్ముడు. "నేను హాల్లోనే పడుకుంటా బావా. నాకెక్కడైనా నిద్రొస్తుంది," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి అతనికి. పెద్దాయన గట్టిగా దగ్గి, ప్రయాణం ఎలా జరిగిందో మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. హాల్లో ఇద్దరు మగవాళ్ళు పడుకున్నాక ఇంకొకరికి చోటు మిగల్లేదు. కోడలు మాట్లాడకుండా దిండు చంకన పెట్టుకుని వంటగది వెనక్కి నడిచింది.

ఆమె చూసింది. నిచ్చెన ఎక్కి, జిప్పు వేసుకుంది.

పడుకోగానే ఒత్తిగిలి, అలవాటుగా మోకాళ్ళు కడుపులోకి తెచ్చుకుంది. తర్వాత గుర్తొచ్చింది. వెల్లకిలా తిరిగి, నెమ్మదిగా కాళ్ళు చాపింది. పాదాలు అద్దం మీది టోపీలోకి వెళ్ళాయి. బొటనవేళ్ళు ముందుకి సాచి చూసింది. ఏమీ తగల్లేదు. ఇంకా కొంచెం మిగిలింది.

*

తెల్లవారుతుండగా వాన పట్టుకుంది. మూత మీద చినుకులు పెద్దగా మోగుతుంటే ఆమె లేచి కూర్చుని, బ్యాటరీ దీపం వెలిగించి, అతుకులన్నీ తడిమింది. ఎక్కడా చుక్క దిగలేదు. దీపం ఆర్పబోతుంటే ఎవరో బల్లని వేళ్ళతో తట్టారు.

జిప్పు కొంచెం తీసి చూసింది. కోడలు. దిండు కవరు నెత్తిన కప్పుకుని నిచ్చెన మొదటి మెట్టు దగ్గర నిలబడి ఉంది. జుట్టు ఒకవైపంతా తడిసి చెంపకి అతుక్కుంది.

"కిటికీలోంచి జల్లు కొడుతోందత్తయ్యా," అంది. "పక్క మొత్తం తడిసిపోయింది. లోపల అందరూ నిద్రపోతున్నారు. దీపం కనపడితే..." ఆగి, మళ్ళీ అంది, "మీరేం జరగక్కర్లేదు. ఇక్కడ మెట్టు మీద కూర్చుంటాను, కాసేపు."

"నేను జరగనులే. ఎక్కు."

కోడలు ఎక్కి, మోకాళ్ళ మీద లోపలికి వచ్చింది. ఆమె తువ్వాలు ఇచ్చి, జిప్పు పైదాకా లాగేసింది. కోడలు తల తుడుచుకుని, గుడ్డ గోడని అరచేత్తో తాకి, ఆ చెయ్యి తిప్పి చూసుకుంది. పొడిగా ఉంది.

"ఆ కిటికీకి రెక్కలు లేవు," అంది కోడలు, ఇప్పుడే కనిపెట్టినట్టు.

"లేవు."

కోడలు అంచుకి ఒదిగి, చేతులు మడుచుకుని, మోకాళ్ళు గడ్డం దాకా తెచ్చుకుని ఒక పక్కకి వాలింది. బల్లలో సగం చోటు కోడలి వెనక ఖాళీగా పడి ఉంది.

ఆమె ఆ ముడుచుకున్న మనిషిని చూసింది. తను తీసిన దారం గుర్తొచ్చింది.

"కాళ్ళు చాపు," అంది.

"వద్దులెండత్తయ్యా. మీకు తగులుతాయి."

"తగలవు. ముందుకి చాపు. అద్దం మీదిదాకా చోటుంది."

కోడలు ఒక కాలు చాపింది. అది ఎక్కడో ఆగుతుందని ఎదురుచూసినట్టు మెల్లగా చాపింది. ఆగలేదు. రెండో కాలూ చాపింది. మడమలు పరుపు మీద ఆనాక ఒక పెద్ద ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఎప్పటి నుంచి బిగబట్టిందో కోడలికే తెలియాలి.

కళ్ళు మూతలు పడుతుండగా ఇంటి వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. చూరు కింద నుంచి కొడుకు గొంతు.

"ఎక్కడున్నావ్? మావయ్య లేచారు, టీ అడుగుతున్నారు."

కోడలు ఉలిక్కిపడి మోచేతి మీద లేచింది. ఆమె ఆ భుజం మీద చెయ్యి వేసి, కిందికి నొక్కింది. తర్వాత కిటికీ జిప్పు జానెడు తీసి, ఆ సందులోంచి వానలోకి చెప్పింది.

"ఇక్కడ పడుకుంది. టీ నువ్వు పెట్టు."

జిప్పు మళ్ళీ వేసేసింది. పట్టు లోపలి వైపే ఉంది.